చివరి జానెడు తాడు

సముద్రం మీద తిరిగే యాట్‌కి మామూలుగా రెండు తెరచాపలు ఉంటాయి. తెరచాపలను మోసే నిలువు స్తంభం మాస్టు. మాస్టుకి వెనక, అడుగున అడ్డగడ ఆసరాతో నిలిచేది పెద్ద తెరచాప. మాస్టుకి ముందు నిలిచే త్రికోణపు చాప ముందు తెరచాప. కోస్తా జాలర్లు పడవ ముందు కొసను అణియం అనీ, వెనక కొసను అమరం అనీ అంటారు. ఈ రెండు మాటలూ యాట్‌కీ చక్కగా సరిపోతాయి. అణియం కొస నుంచి మాస్టు పైభాగం దాకా ఒక ఉక్కు తీగ ఏటవాలుగా బిగించి ఉంటుంది. దాని పేరు ఫోర్‌స్టే. మాస్టు వెనక్కి ఒరిగిపోకుండా పట్టి ఉంచడం దాని మొదటి పని. ముందు తెరచాపకు వెన్నెముక కావడం రెండో పని. తెరచాప ముందంచు పొడవునా ఈ తీగనే అంటిపెట్టుకుని ఉంటుంది.

ఈ ముందు తెరచాపల్లో పేర్లు చాలా ఉన్నాయి. ఫోర్‌స్టేకీ మాస్టుకీ మధ్య ఉన్న ఖాళీలో ఇమిడిపోయేది జిబ్. మాస్టును దాటి వెనక్కి, పెద్ద తెరచాప పక్క దాకా సాగేది జెనోవా. ఫోర్‌స్టే నుంచి మాస్టు దాకా ఉన్న దూరాన్ని 100గా తీసుకుని, చాప వెడల్పు దానికి ఒకటిన్నర రెట్లుంటే 150 శాతం జెనోవా అంటారు. స్వీడన్‌కు చెందిన స్వెన్ సాలెన్ 1920లలో ఇటలీలోని జెనోవా రేవులో జరిగిన పందేల్లో ఇంత పెద్ద ముందు చాపను వాడాడు. ఊరి పేరే చాపకి స్థిరపడింది. తుఫానులో ఎత్తే చిన్న చాప స్టార్మ్ జిబ్. దాని గుడ్డ దళసరిగా ఉంటుంది. కెరటాల మధ్య దూరం నుంచి కూడా కనబడాలని కాషాయం వంటి ప్రకాశవంతమైన రంగులో కుడతారు.

ముందు చాప చూడడానికి పెద్ద తెరచాపకి తోడుగా వచ్చినదిలా ఉంటుంది. నిజానికి ఎదురుగాలికి ఏటవాలుగా పోయేటప్పుడు, చదరపు మీటరుకి లెక్కగడితే ఎక్కువ లాగేది ఇదే. రెండు చాపల మధ్య సందులో గాలి ఇరుక్కుని వేగం పుంజుకుంటుందని, ఆ వేగమే పెద్ద చాపకి బలమిస్తుందని చాలాకాలం పుస్తకాల్లో రాసుకొచ్చారు. విమానాల గాలిశాస్త్రంలో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు ఆర్వెల్ జెంట్రీ 1970లలో ఈ మాట తప్పని చూపించాడు. పెద్ద చాప చుట్టూ తిరిగే గాలి ముందు చాపను చేరే గాలి దిశను అనుకూలంగా మారుస్తుంది. కాబట్టి ముందు చాప పెద్దదాని కన్నా మంచి గాలిలో పనిచేస్తుంది. పైగా దాని ముందంచుకి ఎదురుగా గాలిని చెదరగొట్టే లావుపాటి మాస్టు లేదు. శుభ్రమైన గాలి వచ్చి నేరుగా ఆ అంచునే తాకుతుంది. అందుకే ఆ అంచు ఎంత బిగువుగా, ఏ వంపులో ఉందన్నది పడవ నడకని నిర్ణయిస్తుంది.

చాపకి మూడు మూలలు, మూడు అంచులు. పై మూలకి కట్టి చాపను పైకి లాగే తాడు హాలియార్డ్. అది మాస్టు పైనున్న గిలక మీదుగా వచ్చి మాస్టు లోపలి నుంచి కిందికి దిగుతుంది. బావి గిలక మీద చేద తాడు ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే. ముందు మూలని అణియం దగ్గర డెక్‌కి షాకిల్ అనే లోహపు కొండితో బిగిస్తారు. వెనక మూలకి రెండు తాళ్లు, పడవ కుడి పక్కకి ఒకటి, ఎడమ పక్కకి ఒకటి. వీటిని షీట్లు అంటారు. కొత్తవాళ్లు షీట్ అంటే గుడ్డ అనుకోవడం సహజం. యాట్ మీద షీట్ అంటే తాడే. గాలి ఏ పక్క నుంచి వస్తే దాని అవతలి పక్క షీటుని లాగి పడతారు, రెండోది వదులుగా ఉంటుంది.

ఎత్తే పని సంచి విప్పడంతో మొదలవుతుంది. మడతపెట్టిన చాపని అణియం దగ్గరకి తెచ్చి ముందుగా ముందు మూలని డెక్‌కి బిగించాలి. ఇది చేయకుండా మిగతా పని మొదలుపెడితే ఒక్క గాలి విసురుకి చాప మొత్తం నీళ్లలో పడుతుంది. తరువాత ముందంచు పొడవునా ఉన్న ఇత్తడి కొక్కేలను కింది నుంచి పైకి వరసగా ఫోర్‌స్టేకి తగిలించాలి. వీటిని హ్యాంకులు అంటారు. ఒక్కోదానికి స్ప్రింగు ఉన్న చిన్న గడియ ఉంటుంది. బొటనవేలితో గడియను వెనక్కి లాగి, తీగ మీద పెట్టి వదిలితే టిక్కుమని మూసుకుంటుంది. అన్ని కొక్కేల నోళ్లూ ఒకే వైపుకి ఉండాలి. ఒకటి తిరగబడితే అక్కడ చాప మెలిపడుతుంది. అది చాప సగం పైకి వెళ్లాకగానీ తెలియదు.

షీట్లను వెనక మూలకి బౌలైన్ ముడితో కడతారు. ఎంత బరువు లాగినా జారని ముడి అది. బరువు తీసేశాక మాత్రం ఎంత బిగుసుకున్నదైనా వేళ్లతో విప్పవచ్చు. షీటు రెండో కొసకి 8 అంకె ఆకారంలో ఆపుముడి వేస్తారు, తాడు గిలకలోంచి జారి బయటికి పోకుండా. ఇక్కడ షాకిల్ వాడకపోవడానికి కారణం ఉంది. చాప గాలికి కొట్టుకునేటప్పుడు వెనక మూల కొరడాలా ఊగుతుంది. ఆ కొసలో ఇనుప ముక్క ఉంటే అణియం దగ్గర ఉన్న మనిషి తలకి దెబ్బ తగులుతుంది. తాడు ముడి తగిలినా దెబ్బే, కానీ పుర్రె పగలదు.

చివరిగా హాలియార్డ్. పై మూలకి తగిలించే ముందు తల ఎత్తి మాస్టు చివరి దాకా చూడాలి. తాడు ఫోర్‌స్టేకి చుట్టుకుని ఉందా, మాస్టు పక్కలకి చాచి ఉన్న స్ప్రెడర్ల వెనక చిక్కుకుందా అన్నది కింద ఉండగానే తేల్చుకోవాలి. ఈ ఒక్క చూపు ఖర్చు రెండు క్షణాలు. అది మరిచిపోతే చాప సగంలో ఆగి, పైకీ పోక కిందికీ రాక గాలికి కొట్టుకుంటూ ఉంటుంది.

చాప ఎత్తేటప్పుడు పడవ దాదాపు గాలికి ఎదురుగా ఉండాలి. అప్పుడు చాపలో గాలి నిండదు, జెండాలా ఎగురుతూ పైకి పోతుంది. షీట్లు రెండూ పూర్తిగా వదులుగా ఉంచాలి. మామూలుగా పెద్ద తెరచాప ముందే ఎత్తి ఉంటుంది. అది అమరం వైపు నుంచి పడవను గాలికి ఎదురుగా నిలిపి ఉంచుతుంది. ఒకరు మాస్టు దగ్గర నిలబడి రెండు చేతులతో తాడును బారలు బారలుగా లాగుతారు, మరొకరు కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవాళ్లు కూర్చునే గుంటలో, కూర్చుని ఆ వదులుని అందుకుంటారు. 30 చదరపు మీటర్ల చాప బరువు అంత పెద్దదేమీ కాదు, ఒక మనిషి ఎత్తగలిగినదే. కాబట్టి మూడు వంతుల దాకా చేతులే చాలు. వేగంగా ఎత్తడం ముఖ్యం. నెమ్మదిగా ఎత్తిన చాప దారి పొడవునా కొట్టుకుంటుంది, కుట్లు బలహీనపడతాయి. చేతుల బలం ఆగిపోయిన చోట వించ్ పని మొదలవుతుంది.

వించ్ అంటే డెక్ మీద నిలబెట్టిన లోహపు డ్రమ్ము. లోపల గేర్లు, పైన పిడి. హాలియార్డ్‌ని దాని మీద గడియారం ముళ్లు తిరిగే వైపు 3 లేదా 4 చుట్లు చుడతారు. దూడను గుంజకి కట్టేవాళ్లకి ఈ సూత్రం కొత్తది కాదు. తాడును గుంజ చుట్టూ రెండు చుట్లు తిప్పితే ఎంత బలమైన పశువునైనా చిన్నపిల్లాడు కొస పట్టుకుని ఆపగలడు. తాడుకీ గుంజకీ మధ్య ఒరిపిడి ప్రతి చుట్టుకీ కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ దీనికి సూత్రం కట్టాడు. ఒరిపిడి గుణకం 0.15 అనుకుంటే ఒక్క చుట్టు చేతిబలాన్ని సుమారు 2.5 రెట్లు చేస్తుంది. 3 చుట్లు దాదాపు 17 రెట్లు, 4 చుట్లు 43 రెట్లు. అంటే అవతల 400 కిలోల లాగుడు ఉన్నా 4 చుట్లు వేసి కొసను పట్టుకున్న చేతికి తగిలేది 10 కిలోలకి అటూఇటూ. ఇది పట్టి ఉంచడానికి. లాగడానికి పిడీ గేర్లూ ఉన్నాయి. వించ్ మీద 40 అని ఉంటే దాని బలం 40 రెట్లని అర్థం. పిడిని 20 కిలోల బలంతో తిప్పితే లెక్కప్రకారం 800 కిలోలు లాగాలి, ఒరిపిడిలో కొంత పోతుంది.

ఇంత బలం చేతికి దొరికినప్పుడు ప్రమాదం కూడా అంతే దగ్గరగా ఉంటుంది. తాడును డ్రమ్ము మీద నుంచి వదిలేటప్పుడు వేళ్లు డ్రమ్ముకి కనీసం బెత్తెడు దూరంలో ఉండాలి. బరువుతో ఉన్న చుట్టు ఒక్కసారి జారితే వేలు తాడుకీ లోహానికీ మధ్య నలిగిపోతుంది. తాడు తప్పు కోణంలో వచ్చి చేరితే ఒక చుట్టు మరో చుట్టు మీదికెక్కి బిగుసుకుంటుంది. అప్పుడు ముందుకీ రాదు, వెనక్కీ పోదు. పిడి వదిలి వెళ్లేటప్పుడు దాన్ని తీసి జేబులో పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, వించ్ తిప్పే మనిషి కళ్లు వించ్ మీద ఉండకూడదు, చాప మీద ఉండాలి. ఎక్కడో కొక్కెం చిక్కుకున్నా వించ్‌కి తెలియదు, అది లాగుతూనే ఉంటుంది. గుడ్డ చిరిగాకే ఆగుతుంది.

చాప పైకి చేరింది, పై మూల గిలకకి దగ్గరగా వచ్చింది. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఇంకా లాగాల్సింది జానెడు తాడు. ఆ జానెడులో ఎంత లాగారు, ఎంత వదిలారు అన్నదాన్ని బట్టి చాప ఆకారం మారుతుంది.

గాలి నిండిన చాప చదునుగా ఉండదు, పక్షి రెక్కలా ఒక పక్కకి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు అతి లోతుగా ఉన్న చోటు ముందంచు నుంచి వెడల్పులో 35 శాతం దూరంలో, అంటే మూడో వంతుకి కొంచెం వెనక, ఉంటే ముందు చాప బాగా లాగుతుంది. గాలి పెరిగిన కొద్దీ గుడ్డ సాగి ఆ లోతు వెనక్కి జరుగుతుంది. వెనక్కి జరిగితే చాప పడవను ముందుకి లాగడం తగ్గించి పక్కకి ఒరిగించడం మొదలుపెడుతుంది. హాలియార్డ్ బిగిస్తే లోతు మళ్లీ ముందుకి వస్తుంది. పై కొసన లాగితే మధ్యలో ఉబ్బు ఎందుకు జరుగుతుందో తెలియాలంటే నేతగుడ్డ స్వభావం చూడాలి. ఒక చేతిరుమాలు తీసుకుని పడుగు వెంట లాగితే పెద్దగా సాగదు, పేక వెంట లాగినా అంతే. ఎదురెదురు మూలలు పట్టుకుని ఏటవాలుగా లాగితే మాత్రం బాగా సాగుతుంది. రెండు మూలల మధ్య గీత వెంట ఒక ఉబ్బు లేస్తుంది, పక్కనున్న గుడ్డ ఆ గీత వైపు దగ్గరికొస్తుంది. పాలియెస్టర్ చాపల్లో గుడ్డ పలకలను వెనకంచుకి లంబంగా పేర్చి కుడతారు కాబట్టి వెనకంచు నేత దారాల వెంట ఉంటుంది, ముందంచు ఏటవాలులో పడుతుంది. ముందంచుని లాగినప్పుడు రుమాలులో జరిగినదే చాపలో జరుగుతుంది.

ఎంత లాగాలో చెప్పేవి ముడతలు. బిగువు చాలకపోతే ఒక్కో హ్యాంకు దగ్గర నుంచి వెనక్కి అడ్డంగా ముడతలు పడతాయి, రెండు కొక్కేల మధ్య అంచు తోరణంలా కుంగుతుంది. అతిగా లాగితే ముందంచుకి పక్కనే దానికి సమాంతరంగా పొడవాటి నిలువు మడత లేస్తుంది, ఇస్త్రీ చేసిన చొక్కా చేతి గీతలా. సరైన బిగువు ఈ రెండింటి మధ్య ఉంటుంది. అడ్డ ముడతలు పోయీ పోకుండా ఉన్న చోట ఆపాలి. 6, 7 నాట్ల పిల్లగాలిలో చిన్న ముడతలు మిగిలి ఉండడమే మంచిది, చాప లోతుగా ఉండి ఉన్న కాస్త గాలినీ పట్టుకుంటుంది. కొత్తవాళ్ల చేతిలో కనిపించే తప్పు ఎక్కువగా దీనికి వ్యతిరేకం. బిగువుగా ఉన్నదే బాగున్నదనుకుని పిల్లగాలిలో నిలువు మడత పడేదాకా తిప్పుతారు. పడవ కదలకపోతే గాలిని తప్పుపడతారు.

రేవులో గాలి లేనప్పుడు బిగించిన తాడు సముద్రంలోకి వెళ్లాక సరిపోదు. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 10 నాట్లు అంటే గంటకి 18.5 కిలోమీటర్ల గాలి. అది 20 నాట్లయితే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు. 30 చదరపు మీటర్ల జెనోవా షీటు మీద 10 నాట్ల గాలిలో 60, 70 కిలోల లాగుడు ఉంటే 20 నాట్లలో అది 250 కిలోల చుట్టుపక్కలకి చేరుతుంది. ఆ బరువంతా గుడ్డనీ హాలియార్డ్‌నీ సాగదీస్తుంది. చాప పై మూల నుంచి గిలక మీదుగా కాక్‌పిట్ వించ్ దాకా తాడు పొడవు 18 మీటర్లు ఉందనుకుంటే, అది నూటికి ఒక వంతు సాగినా 18 సెంటీమీటర్లు. దాదాపు జానెడు. వించ్ దగ్గర కొలిచి బిగించిన జానెడూ గాలి తినేసినట్టే. అందుకే గాలి నిండాక మళ్లీ తల ఎత్తి చూసి, మరికొంత లాగాలి. లాగే ముందు షీటుని కాస్త వదిలి చాపలో బరువు తగ్గించాలి. నిండుగాలి మీద హాలియార్డ్ తిప్పితే వించ్ పళ్లు అరుగుతాయి, ముందంచు గుడ్డ అరుగుతుంది, బిగువు మాత్రం అనుకున్నంత రాదు.

ఈ సాగుడు తగ్గించడానికి గుడ్డలూ తాళ్లూ మారుతూ వచ్చాయి. 1950ల దాకా మేలురకం చాపలంటే ఈజిప్టు పత్తితో నేసినవి. తడిస్తే బరువెక్కేవి, బూజు పట్టేవి. పాలియెస్టర్ దారాన్ని 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టారు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ దాన్నే డేక్రాన్ పేరుతో అమ్మింది, చూస్తుండగానే పత్తి చాపలు పోయాయి. తాళ్లలో కూడా పాలియెస్టర్ చాలాకాలం రాజ్యమేలింది. ఇప్పుడు హాలియార్డ్‌కి డైనీమా అనే గట్టి పాలిథీన్ దారం వాడకం పెరిగింది, అదే బరువు మీద పాలియెస్టర్ కన్నా చాలా తక్కువ సాగుతుంది. పాత తాడు ఉన్న పడవలో చాప మార్చే ముందు తాడు మార్చి చూడడం తెలివైన ఖర్చు. చాపలో ఉందనుకున్న లోపం చాలాసార్లు తాడులో ఉంటుంది.

అలవాటైన నావికులు హాలియార్డ్ మీద రంగుదారంతో గుర్తు కుడతారు. దాని పక్కన డెక్ మీద చిన్న కొలబద్ద అంటిస్తారు. పిల్లగాలికి గుర్తు ఎక్కడ ఉండాలి, పెద్దగాలికి ఎక్కడ ఉండాలి అన్నది రెండు మూడు ప్రయాణాల్లో తేలిపోతుంది. రాత్రిపూట టార్చి వెలుగులో ముడతలు వెతకడం కన్నా గుర్తు చూసి బిగించడం తేలిక.

హాలియార్డ్ ఒక్కటే ముందంచుని తీర్చిదిద్దలేదు. బట్టలారేసే తీగను ఎంత బిగించినా తడిబట్టల బరువుకి మధ్యలో కుంగుతుంది. ఫోర్‌స్టే అలాంటిదే. చాపలో గాలి నిండగానే అది గాలివాలు వైపుకి, కాస్త వెనక్కి విల్లులా వంగుతుంది. 14 మీటర్ల ఫోర్‌స్టేలో 1,000 కిలోల బిగువు ఉండి, చాప దాని పొడవునా మొత్తం 130 కిలోల బలంతో పక్కకి లాగితే మధ్యలో 22, 23 సెంటీమీటర్లు కుంగుతుంది. బిగువు 1,500 కిలోలకి పెంచితే 15కి తగ్గుతుంది. తీగ కుంగినప్పుడు చాపలో గుడ్డ వదులై లోతు పెరుగుతుంది. పిల్లగాలిలో అది మేలే, పెద్దగాలిలో చెడు. ఫోర్‌స్టేని బిగించడానికి మాస్టు పైనుంచి అమరానికి ఉన్న బ్యాక్‌స్టేని లాగుతారు. మాస్టు కొస వెనక్కి కదిలి, ముందు తీగ తిన్ననవుతుంది. బ్యాక్‌స్టే లాగినప్పుడల్లా హాలియార్డ్ బిగువు కూడా కొద్దిగా మారుతుంది కాబట్టి రెండింటినీ కలిపి చూడాలి. నులక మంచం బిగించేవాళ్లు ఒక వరస లాగాక పక్క వరసలని మళ్లీ సవరించుకోవడం లాంటిదే ఇది.

ఇక మిగిలింది షీటు. ఇది డెక్ మీద పట్టాల వంటి ట్రాక్‌లో ముందుకీ వెనక్కీ జరిగే గిలకలోంచి వించ్‌కి వెళుతుంది. గిలకని ముందుకి జరిపితే తాడు కిందికి లాగుతుంది, వెనకంచు బిగుసుకుంటుంది, చాప అడుగుభాగం లోతుగా ఉబ్బుతుంది. వెనక్కి జరిపితే అడుగు చదునవుతుంది, వెనకంచు పైభాగం వదులై గాలిని వదిలేస్తుంది. మొదటి అంచనాకి ఒక పద్ధతి ఉంది. షీటు గీతని ఊహలో చాప మీదుగా ముందుకి పొడిగిస్తే అది ముందంచు మధ్యభాగానికి దగ్గరలో తగలాలి. అక్కడి నుంచి సరిచేసేది ఊలు దారాలు. ముందంచుకి కొంచెం వెనకగా, కింద, మధ్యలో, పైన మూడు ఎత్తుల్లో, చాపకి రెండు పక్కలా జానెడు పొడవు ఊలు ముక్కలు అతికిస్తారు. రెండు పక్కల దారాలూ వెనక్కి తిన్నగా పారుతుంటే చాప సరిగా ఉన్నట్టు. గాలి వచ్చే పక్క దారం పైకి లేచి ఆడితే షీటు వదులుగా ఉన్నట్టో, పడవ గాలికి మరీ ఎదురుగా పోతున్నట్టో. అవతలి పక్కది గిలగిల కొట్టుకుంటే షీటు అతిగా లాగినట్టు. పడవను మెల్లగా గాలి వైపు తిప్పినప్పుడు పై దారం ముందుగా లేస్తే గిలకని ముందుకి జరపాలి, కింది దారం ముందుగా లేస్తే వెనక్కి. మూడూ ఒకేసారి లేస్తే చేయాల్సినది లేదు. పైసా విలువ చేయని ఈ ఊలు ముక్కలకి సాటివచ్చే పరికరం యాట్ మీద మరొకటి లేదు.

ఈ రోజుల్లో చాలా యాట్‌ల మీద హ్యాంకులు కనబడవు. ఫోర్‌స్టే మీద సన్నటి అల్యూమినియం గొట్టం తొడిగి, దాని గాడిలో చాప ముందంచుని దూర్చుతారు. అడుగున ఒక డ్రమ్ము, దానికి చుట్టిన తాడు. ఆ తాడు లాగితే గొట్టం తిరిగి చాప చాపచుట్టలా చుట్టుకుంటుంది. కాక్‌పిట్ నుంచి కదలకుండా చాప విప్పవచ్చు, చుట్టవచ్చు. సౌకర్యం పెద్దదే. దీని వల్ల వచ్చిన నష్టం హాలియార్డ్‌ని జనం మరిచిపోవడం. సీజను మొదట్లో ఒకసారి ఎత్తిన చాప ఆరు నెలలు అలాగే ఉంటుంది, ఆ తాడు వైపు చాలామంది చూడరు.

ఈ ఏర్పాటులో ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా ఉంది. చాప పై మూల ఒక తిరుగుడు బిళ్లకి కట్టి ఉంటుంది. బిళ్ల కింది సగం చాపతో తిరగాలి, పై సగం హాలియార్డ్‌తో కదలకుండా ఉండాలి. హాలియార్డ్ ఫోర్‌స్టేకి దాదాపు సమాంతరంగా దిగుతుంటే బిళ్ల తిరిగినప్పుడు తాడు కూడా గొట్టానికి చుట్టుకుంటుంది. అప్పుడు చాప సగం చుట్టుకుని ఆగిపోతుంది. తాడు ఫోర్‌స్టే నుంచి 8, 10 డిగ్రీల కోణంలో విడిగా ఉంటే ఇది జరగదు. చాప పొట్టిదైతే పై మూలకి చిన్న తాడు ముక్క కట్టి బిళ్లని పైకి చేర్చాలి. చుట్టే తాడు బిగుసుకుందని వించ్‌కి వేసి బలంగా తిప్పడం ఇక్కడ చేయగల అతి పెద్ద తప్పు. గొట్టం వంగుతుంది, ఒక్కోసారి ఫోర్‌స్టే తీగ పోగులే తెగుతాయి. బిగుసుకున్నది ఏదైనా ముందు తల ఎత్తి పైకి చూడాలి.

తెలుగు పిల్లలకి ఈ విద్య మొదలయ్యే చోటు హుస్సేన్ సాగర్. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో చిన్నపిల్లలు ఎక్కే ఆప్టిమిస్ట్ పడవకి ఒకే తెరచాప. కొంచెం పెద్దయ్యాక ఇద్దరు కలిసి నడిపే 420 అనే పడవకి మారినప్పుడు మొదటిసారి ముందు చాప చేతికొస్తుంది. 4.2 మీటర్ల ఆ పడవలో జిబ్ చిన్నది, వించ్ అక్కర్లేదు. కానీ అడ్డ ముడతలు, నిలువు మడత, ఊలు దారాలు అన్నీ అక్కడా ఉన్నాయి. పడవ తేలికగా ఉండడం వల్ల బిగువులో తేడా వెంటనే నడకలో తెలుస్తుంది. పెద్ద యాట్ మీద నేర్చుకున్నవాళ్ల కన్నా చిన్న పడవ మీద నేర్చుకున్నవాళ్ల చెయ్యి సున్నితంగా ఉండడానికి కారణం ఇదే.

అదే పని అతి కఠినంగా ఎలా ఉంటుందో భారత నౌకాదళపు యాట్ తారిణి ప్రయాణం చూపిస్తుంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆ యాట్ మీద ఆరుగురు మహిళా అధికారులు. వారిలో ఇద్దరు తెలుగువారు, విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య. 2024 అక్టోబరులో అదే తారిణి మీద దిల్నా, రూప అనే అధికారులు ఇద్దరే బయలుదేరి 2025 మేలో భూమిని చుట్టి వచ్చారు. ఇద్దరే ఉన్న పడవ మీద ఒకరు నిద్రపోతే మెలకువగా ఉన్నది ఒక్కరు. దక్షిణ మహాసముద్రంలో గాలి పెరిగినప్పుడు చాప తగ్గించే పని ఆ ఒక్కరి మీద పడుతుంది. అటువంటి చోట డెక్ మీదికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఛాతీకి పట్టీ కట్టుకుని, దాని కొక్కేన్ని డెక్ పొడవునా బిగించిన భద్రతా పట్టీకి తగిలించుకుని, అణియం దగ్గర మోకాళ్ల మీద కూర్చునే పనిచేస్తారు. నిలబడితే కెరటం తోసేస్తుంది.

గాలి పెరుగుతున్నప్పుడు చాప తగ్గించాలన్న ఆలోచన మొదటిసారి వచ్చిన క్షణమే తగ్గించాల్సిన సమయమని నావికులు అంటారు, అది సరైన మాటే. చుట్టే గొట్టం ఉన్న జెనోవాని సగం చుట్టి నడపవచ్చు. కానీ అలా చుట్టిన చాప మధ్యలో సంచిలా ఉబ్బుతుంది. దాన్ని చదును చేయడానికి చుట్టే ముందు హాలియార్డ్, బ్యాక్‌స్టే రెండూ బిగించాలి, షీటు గిలకని ముందుకి జరపాలి. ముందంచులో నురుగు పట్టీ కుట్టిన చాపలైతే కొంత నయం. నిజమైన తుఫానుకి మాత్రం సగం చుట్టిన జెనోవా సరిపోదు, విడిగా స్టార్మ్ జిబ్ ఎత్తాల్సిందే.

దించేటప్పుడు పని తిరగబడి సాగుతుంది. పడవని గాలి వైపు తిప్పి షీటుని వదులు చేయాలి. వించ్ మీద ఒక చుట్టు ఉంచి హాలియార్డ్‌ని జారవిడవాలి. మొత్తం ఒక్కసారి వదిలేస్తే చాప నీళ్లలోకి పోతుంది, మరీ నెమ్మదిగా వదిలితే సగంలో గాలి పట్టి ఎగురుతుంది. అణియం దగ్గర ఉన్న మనిషి ముందంచు పట్టుకుని కిందికి లాగుతూ, గుడ్డని మోకాళ్ల కింద అదిమి పెడతాడు. పై మూల చేతికి రాగానే హాలియార్డ్ షాకిల్ విప్పి, మరో చేత్తో దాన్ని ముందు రెయిలింగుకి తగిలించాలి. ఈ రెంటి మధ్య చెయ్యి జారితే గిలక అవతలి వైపున్న తాడు బరువే దాన్ని మాస్టు పైదాకా లాక్కుపోతుంది. దించుకు రావడానికి ఒకరు గుడ్డ ఉయ్యాలలో కూర్చుని మాస్టు పైకి ఎక్కాలి.

చాప దించకుండా గొట్టానికి చుట్టి ఉంచే యాట్‌లలో ఒడ్డు చేరేటప్పుడు ఇంకొక్క పని ఉంటుంది. రోజంతా బిగించి ఉన్న ముందంచు రాత్రంతా అదే బిగువులో ఉంటే గుడ్డ శాశ్వతంగా సాగిపోయి లోతు తప్పుడు చోట స్థిరపడుతుంది. అందుకని చాప చుట్టేముందు వించ్ దగ్గర తాడును పట్టి ఉంచే క్లచ్ తెరిచి, హాలియార్డ్‌ని జానెడు వదిలి, మళ్లీ మూస్తారు.